మెషీన్ నాది, కొబ్బరికాయ మాత్రం ఇంకొకరిదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉద్యోగుల్లో ఉత్సాహం ఎలా నింపాలి అంటూ ఈమధ్య చాలామంది రాస్తున్నారు, మా మాట కూడా ఒకటి వేయండి. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో ఏడేళ్లుగా రింగ్ ఫ్రేమ్ మీద, అంటే దారం వడికే మెషీన్ మీద పనిచేస్తున్నాను, కాంట్రాక్ట్ మనిషిని. నా ఫ్రేమ్‌లో ఏ స్పిండిల్ దగ్గర దారం ఊరికే తెగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తా.

మొన్న దసరాకు మిల్లులో ఆయుధ పూజ. ముందు రోజు నైట్ షిఫ్టులో దూది దుమ్మంతా దులిపి ఆ ఫ్రేమ్ తుడిచింది నేను, బంతిపూల దండ మా ఆవిడ కూర్చొని గుచ్చి పంపింది. తెల్లారి ఫోటో టైమ్‌కి సూపర్‌వైజర్ వచ్చి "పర్మినెంట్ వాళ్లు ముందుకు రండి" అన్నాడు. మొన్న మొన్న చేరిన పిల్లగాడు కాయ కొట్టాడు. వాడి తప్పేం లేదు పాపం, నా మొహం చూడలేక తల దించుకున్నాడు. స్వీటు డబ్బా మాకూ ఇచ్చారు, అందులో తేడా చూపలేదు. ఇంటికి పోయాక ఆవిడ "కాయ నువ్వే కొట్టినవా?" అనడిగింది. ఆఁ అన్నా, ఇంకేమనాలి?

పదిహేను రోజులు తిరక్కముందే హైదరాబాద్ నుంచి ఒకాయన్ని పిలిపించి మోటివేషన్ క్లాస్ పెట్టారు. 1943లో మాస్లో అనే అమెరికా ఆయన చెప్పాడట, ముందు కడుపు, తర్వాత భద్రత, గౌరవం నాలుగో మెట్టు అని. మాతో చప్పట్లు కూడా కొట్టించారు. నాకైతే మా తాత గుర్తొచ్చాడు. పాలమూరు లేబర్‌గా మేస్త్రీ వెంట సాగర్ డ్యాం పనికి పోయి, గంజి తాగి రాళ్లు మోసిన మనిషి. 1955లో పునాదిరాయి వేసిన నెహ్రూ పేరు అందరికీ తెలుసు, మా తాత పేరు ఎవరికి తెలుసు? అయినా ఆ దారిన బస్సులో పోయినప్పుడల్లా పక్క సీటాయన్ని లేపి మరీ "ఆ కట్టల మా రాళ్లున్నయి" అని చూపించేవాడు. కడుపు నిండేదాకా ఆగి గర్వపడలేదు ఆయన.

జీతాల సంగతి వేరే, దాని కొట్లాట దానికుంది. ఇప్పుడు అడిగేది ఒక్కటే, వచ్చే దసరాకు పిలిచేటప్పుడు మెడలో ట్యాగ్ రంగు చూడకండి, ఆ ఫ్రేమ్ దగ్గర రోజూ ఎవరు నిలబడుతున్నారో చూసి పిలవండి. కాయ కావాలంటే మేమే తెచ్చుకుంటాం.

– ఒక మిల్లు కార్మికుడు, మహబూబ్‌నగర్ జిల్లా