ఖాళీ నెలలు కూడా లెక్కలో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

లోన్ మీద ఇల్లు కొని అద్దెకిస్తే ఈఎంఐ దానంతట అదే తీరిపోతుందని మీ ఆదివారం పేజీలో వేశారు, చదివాక ఉండబట్టలేక రాస్తున్నా. నాకు అలా కొన్న చిన్న ఇళ్లు రెండున్నాయి. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అయితే మొదటి ఈఎంఐలో వందకి 83 దాకా వడ్డీకే పోతుంది, అసలు తరిగేది 17 మాత్రమే. ఫ్లోటింగ్ రేటు 10కి పెరిగితే, గడువు మార్చకపోతే, ఈఎంఐ 7 శాతం పైనే పెరుగుద్ది, అద్దె అలా పెంచగలమా? ఏడాదిలో ఒక్క నెల ఖాళీ ఉన్నా 8 శాతం అద్దె పోయినట్టే.

మొదటి ఇంట్లో సింకు కింద పైపు జాయింట్ దగ్గర చుక్క చుక్క కారుతోందని అద్దెకున్నావిడ రెండుసార్లు ఫోన్ చేసింది, నేను వచ్చే వారం చూద్దాంలే అన్నా, చివరికి వెనక గోడ ప్లాస్టర్ ఉబ్బిపోయి చేత్తో నొక్కితే ఊడొచ్చింది. తప్పు నాదే, ఆవిడ అడ్వాన్సులోంచి ఏమీ పట్టుకోలేదు. అప్పట్నుంచి అద్దెలో పదో వంతు రిపేర్లకని వేరే అకౌంట్లో వేస్తున్నా, ఆర్నెల్ల ఈఎంఐ పక్కన పెట్టాకే రెండో ఇల్లు కొన్నా.

ఇవన్నీ కలిపి ఇంకోసారి రాయండి, సేవింగ్స్ మొత్తం డౌన్ పేమెంట్లో పోసేద్దామనుకునేవాళ్లు చాలామంది మీ పేపర్ చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు