ఆస్థాన కవి పదవికి ముందు పద్దు రాయండి

సంపాదకులకు,

ఆస్థాన కవి పదవిని మళ్లీ తేవాలన్న కోరిక సాహిత్య సభల్లో తరచూ వినబడుతోంది. విశాఖకు ఒక నగర కవి ఉండాలన్న మాట కూడా మంచిదే. అయితే పదవి అన్నాక శాలువాతో పాటు పద్దు, గడువు, పని ఉండాలి. 1949లో మద్రాసు ప్రభుత్వం చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిని ఆస్థాన కవిగా నియమించింది. దాశరథి కృష్ణమాచార్యులు 1977 ఆగస్టు 15 నుంచి 1983 దాకా ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవి. ప్రభుత్వం మారింది, పదవి రద్దయింది. ఉత్తర్వుతో వచ్చినది ఉత్తర్వుతోనే పోతుంది.

చట్టం ఉన్నా గ్యారంటీ లేదు. అమెరికాలోని న్యూజెర్సీలో 2002లో ఆ రాష్ట్ర కవి అమిరి బరాకా చదివిన కవిత మీద గొడవ లేచింది. గవర్నర్ రాజీనామా చెయ్యమంటే ఆయన చెయ్యనన్నాడు. తొలగించే వీలు చట్టంలో లేకపోవడంతో 2003లో ఏకంగా పదవినే ఎత్తేశారు. ఇక్కడ మాత్రం? ఉక్కు కార్మికులు దీక్షలో కూర్చున్న రోజున నగర కవి శిబిరానికి వెళ్తే ఫైలు కదలదు, వెళ్లకపోతే ఊరు నవ్వుతుంది.

అందుకే కవిని మేయర్ పేషీకో, సచివాలయానికో కట్టెయ్యకూడదు. అమెరికా జాతీయ కవి పదవి 1937లో సలహాదారు పేరుతో మొదలైనప్పటి నుంచీ అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్ గ్రంథాలయంలోనే ఉంది. నియమించేది అధ్యక్షుడు కాదు, గ్రంథాలయాధిపతి. వేతనం ఒక దాత ఇచ్చిన నిధి నుంచి వస్తుంది. మనకూ ఆ దారి ఉంది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పదవిని జిల్లా గ్రంథాలయ సంస్థ కింద పెట్టొచ్చు. సెస్సు బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రమంతటా పాత జబ్బే కాబట్టి, రెండేళ్ల గౌరవ వేతనాన్ని ముందే బ్యాంకులో వేసి, మూడు నెలలకోసారి ఇవ్వాలి. వరుసగా మూడు నెలలు పనికి రాకపోతే తప్ప, కవిత నచ్చలేదని తీసెయ్యకూడదని నిబంధనల్లోనే రాయాలి.

నియామకం ఉగాదికి మాత్రం వద్దు. వినడానికి బావుంటుంది గానీ ఉగాది వచ్చేది మార్చి, ఏప్రిల్ మధ్యన. ట్రెజరీలో బిల్లుల తొక్కిడి, మార్చి 31 దాటితే మురిగిపోయే నిధులు, బడుల్లో పరీక్షలు, ఆపైన జూన్ దాకా సెలవులు. కొత్త కవికి సన్మానాలు తప్ప పని దొరకదు. ఆగస్టు 29 మేలు. గిడుగు రామమూర్తి పుట్టినరోజు, ఆయన మన ఉత్తరాంధ్ర మనిషి. జూన్‌లో పేర్లు పిలిచి, జూలైలో వడపోసి, ఆ రోజు ప్రకటిస్తే బడులు నడిచే ఆరేడు నెలలు చేతిలో ఉంటాయి.

గడువు రెండేళ్లు చాలు. బ్రిటన్‌లో ఇది యావజ్జీవ పదవిగా ఉన్న కాలంలో టెన్నిసన్ 42 ఏళ్లు కూర్చున్నాడు. 1999 నుంచి పదేళ్లకు కుదించారు.

పని ముఖ్యంగా బడుల్లోనే ఉండాలి, నెలకు రెండు రోజులు. తరగతిలో 30 మందికి మించితే కవి ఉపన్యాసానికి దిగుతాడు, పిల్లలు చప్పట్లకు దిగుతారు. గంటన్నరలో మొదటి పావుగంట ఒక పద్యమో పాటో చదవాలి. తర్వాత నలభై నిమిషాలు పిల్లల చేత నాలుగైదు పంక్తులు రాయించి, మిగతా సమయమంతా వాళ్ల చేతే చదివించాలి. పెదజాలరిపేట పిల్లల్ని ‘సముద్ర సౌందర్యం’ మీద రాయమంటే పాఠ్యపుస్తకం వాక్యాలే దిగుతాయి. వలకు, చేపకు, గాలికి మీ ఇంట్లో ఏమంటారో రాయమంటే కాగితం చాలదు.

కోరి రాయించే కవితలు ఏడాదికి నాలుగు మించకూడదు, ఆరు వారాల ముందు చెప్పాలి. ఎల్లుండి ప్రారంభోత్సవం, రేపటికి పద్యం కావాలంటే వచ్చేది సీస పద్యంలో పేర్ల జాబితానే: ముఖ్య అతిథి మొదటి పాదంలో, గుత్తేదారు చివరి ఎత్తుగీతిలో. బ్రిటన్‌లోనే వర్డ్స్‌వర్త్ 1843లో ఏమీ రాయనక్కర్లేదని ప్రధాని పీల్ హామీ ఇచ్చాకే పదవి ఒప్పుకున్నాడు. మనం అంత దూరం పోనక్కర్లేదు, కాస్త వ్యవధి ఇస్తే చాలు. కవిత హక్కులు కవివే. శిలాఫలకానికైనా ఫ్లెక్సీకైనా ప్రూఫు మీద కవి సంతకం పడాలి. యూనికోడ్ పాఠాన్ని అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, రాతి మీద చెక్కాక దిద్దేదేమీ ఉండదు.

ఎంపిక సంఘంలో ఐదుగురు: గ్రంథాలయం నుంచి ఒకరు, ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ నుంచి ఒకరు, ఒక బడి ఉపాధ్యాయుడు, పోటీలో లేని కవులు ఇద్దరు. ఎవరి పుస్తకానికైనా ముందుమాట రాసిన సభ్యుడు, ఆ పేరు చర్చకొచ్చినప్పుడు గది బయట కూర్చోవాలి. ఈ నిబంధనతో విశాఖలో కోరం దొరకడం కష్టమే, అయినా పెట్టాలి.

– ఒక సాహిత్య కార్యకర్త, విశాఖపట్నం