అర్థం సరే, ‘ఇట్’ ఎక్కడ పెట్టాలి?

ఎడిటర్ గారికి,

పోటీ పరీక్షల గైడ్లలో ఫ్రేజల్ వెర్బుల (క్రియకు ‘ఆఫ్’, ‘అప్’ లాంటి చిన్న మాట తగిలి కొత్త అర్థం వచ్చేవి) పట్టికలు పేజీల కొద్దీ ఉంటాయి. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, ‘పుట్ అవుట్’ అంటే ఆర్పడం, ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం. పిల్లలు అర్థాలు గడగడా అప్పజెబుతారు. సొంతంగా వాక్యం రాయమంటే చిక్కుకుంటారు. కారణం, ‘ఇట్’ ఎక్కడ పెట్టాలో ఆ పట్టికల్లో ఉండదు.

రొయ్యల గుంట దగ్గర ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) ఆపమనాలి. ‘టర్న్ ఆఫ్ ది ఏరేటర్’, ‘టర్న్ ది ఏరేటర్ ఆఫ్’ రెండూ ఒప్పే. పేరు తీసేసి ‘ఇట్’ వాడితే మాత్రం ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే ఒప్పు. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనరు. ‘లుక్ ఫర్’ (వెతకడం) దగ్గర ఇది తిరగబడుతుంది. అక్కడ ‘లుక్ ఫర్ ఇట్’ అనాల్సిందే, మధ్యలో వస్తువు పేరు గానీ ‘ఇట్’ గానీ దూరదు. ‘లుక్ ఆఫ్టర్’ (చూసుకోవడం), ‘కమ్ ఎక్రాస్’ (అనుకోకుండా కనబడటం) కూడా అంతే. పైకి చదివితే తేడా చెవికే తెలుస్తుంది: ‘టర్న్ ఇట్ ఆఫ్’లో నొక్కు ‘ఆఫ్’ మీద, ‘లుక్ ఫర్ ఇట్’లో ‘లుక్’ మీద.

‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా. శ్రీహరికోట ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడు, 2019 జులై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల ముందు ఆపారు. ఇస్రో ‘కాల్డ్ ఆఫ్’ అని ఊరుకోలేదు, ‘ఫర్ టుడే’ అని చేర్చింది. ఆ రెండు మాటలు లేకపోతే ప్రయోగమే లేదనుకునేవాళ్లు. రాకెట్ 22న ఎగిరింది.

‘కోప్ అప్ విత్’ ఇంటర్వ్యూల్లో పదే పదే వినబడే తప్పు. ‘కీప్ అప్ విత్’ (వెనకబడకుండా సాగడం) వరసలో దీనికీ ‘అప్’ తగిలిస్తారు. తట్టుకోవడం అనడానికి ‘కోప్ విత్’ చాలు.

నిజానికి క్రియకు ఇంకో మాట తగిలి అర్థం మారే ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. బాకీ ‘ఎగ్గొట్టడం’లో ఎవరూ ఎవర్నీ కొట్టరు. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’లలో ‘అప్’ చేసే పని, అంటే పూర్తిగా అయిపోయేలా అని చెప్పడం, ‘తినేయ్’, ‘వాడేయ్’లలో మన ‘ఏయ్’ చేస్తుంది. ‘గివ్ అప్’ కూడా ‘వదిలేయ్’కి సరిపోతుంది. ‘టర్న్ అప్’ అంటే రావడం కాబట్టి అది ఈ లెక్కకు లొంగదు, దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

మీ చదువు పేజీలో రోజుకు ఇరవై ఫ్రేజల్ వెర్బులు వేసే బదులు మూడే వేయండి. ఒక్కోదానికి రెండు వాక్యాలివ్వండి, ఒకటి వస్తువు పేరుతో, ఇంకోటి ‘ఇట్’తో.

- ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, కావలి, నెల్లూరు జిల్లా