పదో తరగతి మెమోలో పేరు మార్చాల్సింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా బడుల్లో అడ్మిషన్ రిజిస్టర్లతో కాలం గడిపినవాణ్ని. పేరులో ఒక్క అక్షరం దిద్దాలన్నా ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ఏ ఉత్తర్వు ప్రకారం దిద్దామో నంబరు వేసేవాళ్లం. కాబట్టి రికార్డుల విషయంలో ఆఫీసులు జాగ్రత్త పడితే నేను తప్పు పట్టను. నా బాధ వేరు.

మా రెండో సంతానం కొడుకుగా పుట్టింది, ఇప్పుడు మాకు కూతురు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, అది మా ఇంటి సంగతి. ట్రాన్స్‌జెండర్ల కోసం కేంద్రం పెట్టిన నేషనల్ పోర్టల్లో దరఖాస్తు పెట్టి, కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రం, కార్డు తనే తెచ్చుకుంది. ఆపరేషన్ తర్వాత ‘స్త్రీ’ అని సవరించిన పత్రమూ వచ్చింది. ఆధార్ మారింది, పాన్ మారింది. పదో తరగతి మెమో దగ్గరే బండి ఆగిపోయింది.

మెమో ఇచ్చిన ఆఫీసుకు వెళ్తే, ముందు బడి రిజిస్టర్లో మార్పించి హెడ్మాస్టరు ద్వారా ప్రపోజల్ పంపమన్నారు. బడికి వెళ్తే, టీసీ తీసుకుని వెళ్లిపోయిన విద్యార్థి రికార్డును పై ఉత్తర్వు లేకుండా ముట్టుకోలేమన్నారు. పై ఉత్తర్వు ఇవ్వాల్సింది మళ్లీ ఆ మొదటి ఆఫీసే! డిగ్రీ వాళ్లేమో మెమో మారాక రమ్మన్నారు. ఈలోగా ఒకరు గెజిట్ అడిగారు, ఒకరు పేపరు ప్రకటన, ఇంకొకరు నోటరీ అఫిడవిట్. అన్నీ ఇచ్చాం.

ఒక కౌంటర్లో జరిగింది తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. గుర్తింపు పత్రం ఉన్నవాళ్లు అన్ని పత్రాల్లోనూ ‘ఫస్ట్ నేమ్’ మార్చుకోవచ్చని ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం ఏడో సెక్షన్లో ఉంది. మనమేమో ఇంటిపేరు ముందు రాస్తాం. ఆ గుమస్తా మెమో పైకెత్తి చూసి, “మీ ఫస్ట్ నేమ్ ఇంటిపేరే కదా సార్, అది మారలేదుగా?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

ఆ చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల్లో ఏయే పత్రాలు మార్చాలో జాబితా ఉంది. జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఓటరు కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్‌తో పాటు చదువుల సర్టిఫికెట్లూ అందులో ఉన్నాయి. పత్రం ఇచ్చిన ఆఫీసే, అర్జీ పెట్టిన 15 రోజుల్లో మార్చాలి. కొత్త పత్రానికీ పాత సీరియల్ నంబరే ఉండాలి. రికార్డులు రాసినవాడిగా ఈ నంబరు మాట నాకు బాగా నచ్చింది. దొంగ సర్టిఫికెట్లు పుడతాయని భయపడే అధికారులకు జవాబు అందులోనే ఉంది. నంబరు మారనప్పుడు ఒకరు ఇద్దరెలా అవుతారు?

మా అమ్మాయికి ఆఫర్ లెటర్ వచ్చిన ప్రతిసారీ ఇంట్లో సంతోషం కంటే టెన్షన్ ఎక్కువ. వెరిఫికేషన్‌లో మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. పాత కంపెనీ పీఎఫ్‌లోనూ మిస్‌మ్యాచ్. ముక్కూమొహం తెలియని హెచ్‌ఆర్ వాళ్లకు ఫోన్లో తన కథంతా మొదటి నుంచీ చెప్పుకోవాలి. “నాన్నా, ఫైలు కంటే నన్నే ఎక్కువ తిరగేస్తున్నారు” అంది ఒకరోజు.

నేనూ తక్కువవాణ్నేమీ కాదు. 2016లో ఒక పాత విద్యార్థి ఇలాంటి అర్జీతోనే నా దగ్గరికి వచ్చాడు. వచ్చింది అనాలేమో, ఆ రోజు నేను అడగనైనా లేదు. ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంటూ నల్సా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అప్పటికి రెండేళ్లయింది, పేపర్లో చదివాను కూడా. అయినా “రూల్ లేదు” అని పంపేశాను. ఆ మనిషి మళ్లీ రాలేదు.

పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానంతో హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టర్లో ఎక్కించమన్న 1919 నాటి చట్టం ఒకటి మన హైదరాబాద్‌లో ఉండేది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకాల్లోంచి పోలేదు. వాళ్ల కోసం రిజిస్టరు తెరవడం మనకు చేతకాని పనేమీ కాదన్నమాట.

రాష్ట్ర విద్యాశాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. బడి రిజిస్టరు మారాలన్న షరతు తీసేసి, మెమో ఇచ్చిన ఆఫీసే ఉత్తర్వు వేసి నకలు బడికి పంపాలి. పాత పేరు పక్కన ‘అలియాస్’ తగిలించి ఇవ్వకూడదు. అర్జీ ఎవరికివ్వాలో, ఏ కాగితాలు కావాలో కౌంటరు దగ్గర తెలుగులో, ఉర్దూలో రాసిపెట్టాలి.

మా అర్జీ ఇచ్చి ఇవాళ్టికి 94 రోజులు. మెమోలో రాసిన పుట్టుమచ్చలు రెండూ, మెడ మీదిదీ, కుడి మోచేతి మీదిదీ, మా అమ్మాయికి అలాగే ఉన్నాయి. కావాలంటే సరిచూసుకోవచ్చు.

– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, సైదాబాద్, హైదరాబాద్