రేడియో పిచ్చోడి నుంచి నీకో ఉత్తరం

ఒరేయ్,

ఎలా ఉన్నావురా? నీ మెసేజ్‌కి రెండు ముక్కల్లో జవాబిద్దామని మొదలుపెట్టి ఆపేశాను. "మనిద్దరికీ సరిగమలు కూడా సరిగ్గా రావు కదా, నువ్వు ఈ రికార్డింగ్ స్టూడియో లైన్లోకి ఎలా దూరావు" అని అడిగావు చూడు, దానికి రెండు ముక్కలు చాలవు. పైగా మీ అమ్మాయి సౌండ్ ఇంజినీరింగ్ చదువుతానంటోందని రాశావు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

ముందొక మాట. నేను పాటల పిచ్చితో ఇటు రాలేదు, నాది రేడియో పిచ్చి. పాటల పిచ్చి ఉన్నవాడు పాట రాగానే గొంతు కలుపుతాడు. నేనేమో పాట అయిపోయి అనౌన్సర్ మాట మొదలయ్యేలోపు ఉండే ఆ చిన్న ఖాళీ కోసం చూసేవాణ్ణి. ఈ పాట తర్వాత ఆ పాటే ఎందుకు వేశారు, అనౌన్సర్ గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంటే పాట మాత్రం అవతలి గదిలోంచి వస్తున్నట్టు ఎందుకుంది, ఇదే గోల. (వీడి చెవుల్లో ఏదో తేడా ఉందని మా ఇంట్లో అనుకునేవాళ్లు, అది వేరే సంగతి.)

మీడియం వేవ్‌లో పగలంతా గరగర తప్ప ఏమీ రాని చోట, రాత్రయ్యేసరికి ఎక్కడెక్కడి స్టేషన్లు పలికేవి, గుర్తుందా? అప్పుడు మనకి అదో మాయ. పగలు ఎండ వల్ల పైన వాతావరణంలో 'డి' పొర అని ఒకటి ఏర్పడి మీడియం వేవ్ తరంగాల్ని మింగేస్తుంది, చీకటి పడగానే అది పోతుంది, అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరకి తగిలి వెనక్కి తిరిగి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. ఇదంతా చాలా తర్వాత చదివాను. ఆ పై పొర కుదురుగా ఉండదు కాబట్టే పాట మునుగుతూ తేలుతూ వచ్చేది. గొంతు మునిగినప్పుడల్లా అక్కడ ఏం పాడి ఉంటారో నేనే పూరించుకునేవాణ్ణి, భాష కూడా తెలియని పాటకి! ఒళ్లంతా చెవులు చేసుకుని వినడం అలా అలవాటైంది.

ఉద్యోగం సంగతి చెప్పాలంటే అందులో గొప్పేం లేదు. ఒక స్టూడియోలో కేబుళ్లు చుట్టడం, మైకులు సర్దడం, అంతే. కొన్నాళ్లకి పాత టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే అది ఇంకెవరూ చెయ్యనన్నారు. రోజంతా టేపు హిస్, అంటే వెనకాల వచ్చే బుస చప్పుడు, వింటూ కూర్చోవాలి, మామూలోడికి తలనొప్పి. గరగరలో పాట వెతుక్కుంటూ పెరిగినవాడికి అదేమంత లెక్క? 70లు, 80ల నాటి కొన్ని టేపుల్లో అయితే ధ్వని నిలిచి ఉండే పూతని టేపుకి పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని బంకబంకగా తయారవుతుంది, అలాగే తిప్పితే పూత ఊడొస్తుంది. వాటిని 50 డిగ్రీలకు కాస్త పైన సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచి, ఆరాక ఎక్కించాలి. అలా వేడి చేసిన టేపు కొన్నాళ్లే బాగా పలుకుతుంది, ఆలోపు పని అయిపోవాలి. భలే టెన్షన్, భలే సరదా. అక్కణ్ణుంచే మాస్టరింగ్‌లోకి జారాను. అంటే పాట రికార్డయి, మిక్సింగ్ అయ్యాక బయటికి వెళ్లే ముందు ఆఖరుగా చేసే పని: ఎంత గట్టిగా వినిపించాలి, ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి, ఏ స్పీకర్లో పెట్టినా చెడకుండా ఎలా ఉండాలి. చూశావా, నా పాత గోలకే జీతం ఇస్తున్నారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ చిన్న రేడియో పెట్టె నాకు నేర్పినదే ఇప్పటికీ నా పని. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతూ, మోగుతుంది. అరచేయంత స్పీకర్ ఆ లోతుల్లో దాదాపు మూగది. అయినా రేడియోలో బేస్ వినిపించేది కదా? 41కి రెట్టింపు 82, ఆపైన 123, 164, ఇలా పైకి వెళ్లే అనుస్వరాల్లో (హార్మోనిక్స్) కొన్ని చెవిన పడితే చాలు, కింద లేని స్వరాన్ని మెదడే కల్పించుకుంటుంది. ఇప్పుడు జనం ఫోన్ స్పీకర్లో వింటున్నారు, అంటే మళ్లీ అదే పెట్టె. అందుకే కింద దడదడలాడించడం కంటే బేస్‌లో ఆ పై అనుస్వరాలు గట్టిగా ఉన్నాయా లేదా అనే ముందు చూస్తాను.

ఇంకోటి మోనో, అంటే కుడి, ఎడమ చానళ్లని ఒకటిగా కలిపి వినడం. మన పెట్టెకి ఉన్నది ఒకే స్పీకరు. ఒకసారి ఒక కుర్ర బ్యాండ్ వచ్చింది, వాళ్ల పాటలో కీబోర్డు హాలంతా పరుచుకున్నట్టు ఉంది, ఏదో ప్లగిన్‌తో (ధ్వనిని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్) వెడల్పు చేశారట. మోనో బటన్ నొక్కాను. కీబోర్డు మాయం! కుడి చానల్లో పైకి లేచే అల, ఎడమ చానల్లో అదే సమయానికి కిందికి దిగుతోంది, రెండూ కలిసేసరికి సున్నా. వాళ్ల మొహాలు చూడాలి నువ్వు.

గట్టిదనం పిచ్చి గురించి రాస్తే తెల్లారిపోతుంది. అందరికీ పక్కవాడి పాట కంటే తమ పాట గట్టిగా ఉండాలి. రేడియో స్టేషన్లలో ఎలాగూ ధ్వనిని నొక్కి సమం చేసే యంత్రాలుంటాయి, ఆర్బన్ కంపెనీ వాళ్ల ఆప్టిమాడ్ అనే అలాంటి యంత్రం 1975 నుంచీ ఉంది. ఇప్పుడు స్పాటిఫై కూడా మామూలు సెట్టింగ్‌లో అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చేస్తుంది. మనం పిండి పిప్పి చేసి పంపితే వాళ్లు వాల్యూమ్ తగ్గిస్తారు, మిగిలేది పిప్పే. ఈ మాట రోజూ చెబుతాను, వినేవాళ్లు తక్కువ.

నా నోటు పుస్తకం గుర్తుందా? పాట వెయ్యడానికి ముందు అనౌన్సర్ చెప్పే పేర్లు, పాడిందెవరు, రాసిందెవరు, బాణీ ఎవరిది, అన్నీ గిలికేవాణ్ణి. నువ్వు నవ్వేవాడివి. ఇప్పుడు దాన్నే మెటాడేటా అంటున్నారు. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అని, అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 12 ఉండే కోడ్ ఉంటుంది. ఆ కోడ్ తప్పుగా వెళ్లినా, పేరులో అక్షరం తేడా వచ్చినా, రావాల్సిన డబ్బు ఎవరిదో తేలక ఆగిపోతుంది. మీ అమ్మాయికి ఇది పరమ బోరుగా అనిపించొచ్చు, కానీ పెద్ద పెద్ద వాళ్లు కూడా దీన్ని గాలికొదిలేస్తారు, అందుకే ఇది వచ్చినవాడికి పని దొరుకుతుంది.

కోర్సు ఫీజు కట్టకముందే తనతో ఒక పని చేయించు. తనకి బాగా నచ్చిన పాట ఒకటి ఫోన్ స్పీకర్లో, హెడ్‌ఫోన్లో, ఏదైనా పాత రేడియో దొరికితే దాంట్లో విని, ఏది ఎక్కడ పోయిందో, ఏది ఎక్కడ పైకొచ్చిందో రాసి నాకు పంపమను. ఇంగ్లీషులో గొప్ప మాటలు అక్కర్లేదు, "ఇక్కడ డప్పు చచ్చింది" అని రాసినా చాలు. అది చూసి ఆదివారం తనతో మాట్లాడతాను, నిన్ను మాత్రం లైన్లోకి రానివ్వను.

అవునూ, నీ మోకాలి సంగతి ఒక్క ముక్క రాయలేదేంరా? డాక్టర్ ఏమన్నాడో చెప్పు.

నీ
రేడియో పిచ్చోడు