పిల్లల డిటెక్టివ్ కథల్లో బొమ్మే ఆధారం కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పిల్లల పేజీల్లో వచ్చే డిటెక్టివ్ కథల్లో దొంగను పట్టించేది చాలామటుకు బూటు గుర్తో, జారిపడిన రుమాలో అవుతోంది. పజిల్ మాత్రం కథతో పొత్తు లేకుండా పేజీ అడుగున వేరే గడిలో ఉంటోంది. ఈ రెండింటినీ చిత్రకళతో ముడివేసిన నవలకు మంచి ఉదాహరణ, అమెరికా రచయిత్రి బ్లూ బాలియెట్ 2004లో వెలువరించిన ‘ఛేజింగ్ వెర్మీర్’.

వాషింగ్టన్ నుంచి షికాగోకు ప్రదర్శన కోసం తరలిస్తుండగా మాయమైన వెర్మీర్ చిత్రాన్ని పెట్రా, కాల్డర్ అనే ఇద్దరు బడిపిల్లలు వెదకడం ఇందులోని కథ. దొంగ డబ్బు అడగడు; వెర్మీర్ పేరిట చెలామణి అవుతున్న చిత్రాల్లో కొన్ని ఆయనవి కావని, జనమే కళ్ళారా చూసి తేల్చాలని పత్రికలకు ఉత్తరాలు రాస్తాడు. 17వ శతాబ్దపు ఈ డచ్ చిత్రకారుడివిగా నేడు లెక్కకు వచ్చేవి దాదాపు 35 చిత్రాలేననీ, హాన్ వాన్ మేగెరెన్ గీసిన నకిలీలను పేరుమోసిన నిపుణులే అసలువిగా నమ్మారనీ తెలిసినవారికి ఆ సవాలు ఉత్త కల్పనగా తోచదు. కాల్డర్ జేబులో ఎప్పుడూ పెంటోమినో బిళ్ళలుంటాయి. ఐదేసి చదరాలతో కూడిన ఆ 12 ఆకారాలకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు కాబట్టి, స్నేహితుడితో అతడు నడిపే ఉత్తరాలకు అవే సంకేతలిపి అవుతాయి. బ్రెట్ హెల్క్విస్ట్ వేసిన బొమ్మల్లోనూ ఒక రహస్య సందేశం దాగి ఉంది. కాకతాళీయ ఘటనల మీద కథ మోతాదుకు మించి ఆధారపడిందన్న అభ్యంతరం నాకు లేకపోలేదు గానీ, చదివే పిల్లలు వెనక్కి తిప్పి బొమ్మను మళ్ళీ చూడక తప్పదు.

మన దగ్గర సరుకుకు కొదవ లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే మొద్దు నుంచి చెక్కిన జంట శిల్పం ఎదుట నిలబడితే జర్మన్ కవి గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనుకనున్న అద్దంలోకి చూస్తే అదే నాటకంలోని యువతి, తల వంచుకున్న మార్గరెట్టా కనిపిస్తారు. సాక్షి ఎటువైపు నిలబడి ఏం చూశాడన్న ప్రశ్న ఒక్కటి చాలు కథ నడవడానికి. లండన్, చెన్నై మ్యూజియంలకు చేరిన అమరావతి బౌద్ధ స్తూపపు శిల్ప ఫలకాల సంగతి సరేసరి.

మీ ఆదివారం అనుబంధంలో ఇటువంటి ధారావాహిక ఒకటి రాయించవలసిందిగా కోరుతున్నాను. బొమ్మను మాత్రం తపాలా బిళ్ళంత కాక, పిల్లలు వివరాలు పోల్చుకునేటంత పెద్దగా, రంగుల్లో వేయండి. జవాబును అదే సంచికలో తలకిందులుగా అచ్చువేయకుండా తర్వాతి వారం దాకా ఆపండి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, హనుమకొండ