పారబోసిన కూర ఏ ఖాతాలో రాయాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే ఆరోగ్య పేజీ నేను వదలకుండా చదువుతాను. చదివి ఊరుకోను, నచ్చినవి కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను కూడా. ఈమధ్య తక్కువ ఖర్చులో పోషకాహారం గురించి వేశారు కదా, అదీ అలాగే అంటించాను. మూడో రోజుకే పీకేశాను. ఎందుకు పీకేశానో చెప్పడానికే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైంది, మీకు తోచిన చోట కత్తెర వేసుకోండి.

ముందు నా సంగతి. ఇంట్లో నలుగురం, జీతం ఒకటే, అదీ మా ఆవిడది. నా ఉద్యోగం పోయి ఏడాది దాటింది, అప్పట్నుంచీ వంటిల్లు నా చేతికొచ్చింది. అంతకుముందు నేనూ మీ వ్యాసాలు ఫోటో తీసి ఆవిడకి పంపి, "ఇలాంటివి వండొచ్చు కదా" అని సలహాలిచ్చిన బాపతే. ఇప్పుడు ఫోన్లో ఆ పాత మెసేజ్‌లు కనిపిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మీ వ్యాసంలో అబద్ధమేం లేదు. పప్పులు తినండి, గుడ్లు తినండి, ఆకుకూరలు తినండి, ఏ కాలంలో ఏది బాగా పండితే అది కొనండి, ప్యాకెట్ తిండి తగ్గించండి. అన్నీ నిజాలే. కాకపోతే అందులో ఖర్చు అంటే కొట్లో లెక్కపెట్టి ఇచ్చే డబ్బు ఒక్కటే. గ్యాస్ లెక్కలో లేదు, వండే మనిషి టైమ్ లెక్కలో లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా పారబోసింది లెక్కలో లేదు. చేతిలో డబ్బు తక్కువున్న వాళ్లని దెబ్బ కొట్టేది ఈ మూడే.

నా మొదటి నెల సంగతి చెప్తాను. చవగ్గా వస్తోందని ఆదివారం నాడు ఆకుకూర ఒకేసారి నాలుగైదు కట్టలు కొన్నాను. కడిగి, తడిగా ఉండగానే కవర్లో పెట్టి, ఫ్రిజ్ కింది అరలోకి తోసేశాను. కడిగి పెట్టుకుంటే పని తగ్గుతుందని నా తెలివి. గురువారం తీస్తే కవరు అడుగున నల్లటి నీళ్లు, ఆకులు వేళ్లకి జిగురులా అంటుకుంటున్నాయి, వాసన గురించి చెప్పక్కర్లేదు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు, వెళ్లి కిటికీ తెరిచింది. ఆ పూట పిల్లలకి నూడుల్స్ ప్యాకెట్లు తెచ్చి పెట్టాను. అంటే ఆ ఒక్క పూటకి ఆకుకూర డబ్బూ పోయింది, నూడుల్స్ డబ్బూ పోయింది, పిల్లలు తిన్నది మాత్రం మైదా, ఉప్పు. మీ వ్యాసం ప్రకారం ఆ వారం నేను చాలా పొదుపుగా, చాలా ఆరోగ్యంగా కొన్నట్టే లెక్క!

తర్వాత తెలుసుకున్నాను. ఆకుకూర కడక్కుండా, వేళ్లు కోసేసి, పొడి గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పెట్టాలి, కడగడం వండే ముందే. ఒకేసారి నాలుగు కట్టలు కొనే బదులు వారంలో రెండుసార్లు వెళ్లి కొనాలి, త్వరగా వాడిపోయేవి ముందు వండేయాలి, క్యాబేజీ, క్యారెట్ లాంటి మొండి ఘటాలని వారం చివరికి ఉంచుకోవాలి. ఈ చిన్న ముక్క మా ఇంట్లో మిగిల్చినంత డబ్బు ఏ డిస్కౌంటూ మిగల్చలేదు. ఇది మీ పేజీలో ఎప్పుడూ చూడలేదు. ఫలానా ఆకులో ఏ విటమిన్ ఎంతుందో మాత్రం నాకు కంఠతా వచ్చేసింది.

పారేయడం డబ్బున్న వాళ్ల జబ్బు అనుకునేవాణ్ని. కాదట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వేసిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. హోటళ్లు, దుకాణాలు అన్నీ కలిపినా దాని తర్వాతే. బాగా డబ్బున్న దేశాల ఇళ్లకీ, మధ్యస్థ ఆదాయ దేశాల ఇళ్లకీ తేడా మనిషికి ఏడాదికి సుమారు 7 కిలోలేనట. అంటే కింది అరలో నల్లనీళ్లు మా ఒక్క ఇంట్లోనే కాదన్నమాట, కొంచెం ధైర్యం వచ్చింది.

ఇక పిల్లల సంగతి. కొత్త రుచికి పిల్లలు అలవాటు పడాలంటే పదిసార్లైనా పెట్టి చూడాలని నిపుణులు చెబుతారు, మీరూ రాశారు. మంచిదే. మా చిన్నవాడికి బీన్స్ కూర మొదటిసారి పెట్టినప్పుడు ఒక్కో ముక్కా ఏరి కంచం అంచున వరసగా పేర్చాడు, రైలు పెట్టెల్లాగా. రెండోసారీ అంతే. మూడోసారి వండటానికి నాకు ధైర్యం చాలలేదు, ఎందుకంటే వాడు వదిలేసిన ప్రతిసారీ వాడికి వేరే ఏదో ఒకటి పెట్టాలి కదా, ఆకలితో పడుకోబెట్టలేను. డబ్బున్న ఇంట్లో ఆ పది ప్రయత్నాలు ప్రయోగాలు. మాలాంటి ఇంట్లో పది నష్టాలు. పేదింటి తల్లిదండ్రులు పిల్లలు కచ్చితంగా తినేదే కొంటారు, బిస్కెట్లు, బంగాళదుంప వేపుళ్లు. అది తెలియనితనం అని మీ వ్యాసం మధ్యలో ఒక వాక్యం ఉంది, అక్కడే నాకు కాలింది. తెలియక కాదండీ, పారబోయలేక. (తర్వాత నేను కనిపెట్టింది ఏంటంటే, వాడికి ఎలాగూ ఇష్టమైన అన్నంలో రెండంటే రెండు ముక్కలు కలిపి పెట్టడం, మిగతాది మేం పెద్దవాళ్లం తినేయడం. వదిలేసినా పోయేది రెండు ముక్కలే. ఇప్పుడు ఆరు దాకా వచ్చాం.)

చవక అనే మాటే పెద్ద మోసం అని నాకు ఈ ఏడాదిలో అర్థమైంది. దేన్ని బట్టి చవక? క్యాలరీ లెక్కన చూస్తే నూనె, చక్కెర, బిస్కెట్లే చవక, కూరగాయలు భరించలేనంత ఖరీదు. అదే బరువు లెక్కనో, తినే పరిమాణం లెక్కనో చూడండి, తారుమారవుతుంది, చాలా కూరగాయలు ప్యాకెట్ తిండి కన్నా చవకగా తేలతాయి. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ ఆర్థికవేత్తలు సరిగ్గా ఇదే చేసి చూపించారు, అవే వస్తువులు, అవే ధరలు, కొలత మారిస్తే జవాబు మారిపోయింది. కాబట్టి ఆరోగ్యకరమైన తిండి ఖరీదని వాదించేవాళ్లూ, కాదని వాదించేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చెరో త్రాసు పట్టుకుని. నేను మాత్రం మూడో త్రాసు పెట్టుకున్నాను: ఇది కొంటే ఎన్ని పూటలు గడుస్తుంది, అందులో ఎంత చెత్తబుట్టలోకి పోతుంది.

డబ్బు ఒక్కటే లెక్కేస్తే ఏమవుతుందో చెప్పే పాత కథ ఒకటుంది. 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త ఒక ప్రశ్న వేసుకున్నాడు, మనిషికి కావాల్సిన పోషకాలన్నీ అతి తక్కువ డబ్బుతో ఎలా అందుతాయి అని. 77 పదార్థాలు తీసుకుని లెక్కలు కట్టి చివరికి ఐదు తేల్చాడు: గోధుమపిండి, చిక్కటి డబ్బా పాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాది పొడుగునా అవే. తర్వాత 1947లో ఆ లెక్కనే కొత్త గణిత పద్ధతిలో సరిచూడటానికి తొమ్మిది మంది గుమాస్తాలు చేతి కాలిక్యులేటర్లతో కూర్చుంటే, అందరి శ్రమా కలిపి 120 రోజుల పని పట్టిందట. తీరా చూస్తే స్టిగ్లర్ అంచనాకీ అసలు జవాబుకీ తేడా ఏడాది మొత్తానికి 24 సెంట్లు! ఆ కొత్త పద్ధతి కనిపెట్టిన జార్జ్ డాంట్జిగ్ అనే ఆయన తర్వాతెప్పుడో తన సొంత డైటింగ్ కోసం కంప్యూటర్‌ని అడిగితే, అది రోజుకి వందల గాలన్ల వెనిగర్ తాగమందట. వెనిగర్ తీసేసి మళ్లీ అడిగితే సూప్ బిళ్లలు రోజుకి 200 తినమందట. స్టిగ్లర్ మాత్రం తెలివైనవాడు, ఇలా తినమని ఎవరికీ సిఫారసు చేయట్లేదని తనే చెప్పుకున్నాడు. మీ వ్యాసకర్తలు కూడా ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే బాగుండేది.

ఇంకో సంగతి. ఆ వ్యాసం కిందే ప్రొటీన్ పౌడర్ ప్రకటన వేశారు. ప్రకటనలు లేకపోతే పత్రిక నడవదు, తెలుసు. కానీ పైన వ్యాసంలో ఈ చిన్న లెక్క వేసుంటే ఎంత బాగుండేదో చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి సుమారు 0.8 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాముల లోపే. ఎండు పప్పుల్లో 100 గ్రాములకి 20 గ్రాముల పైనే ఉంటుంది, వేరుశనగలో సుమారు 25, ఒక్కో గుడ్డులో సుమారు 6. ప్రొటీన్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ మర్చిపోయేది బియ్యం, గోధుమ. బియ్యంలో 100కి 7 దాకా, గోధుమలో ఇంకా ఎక్కువ. మనిషికి రోజుకి 300 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పప్పు, ఒక గుడ్డు అనుకోండి, 40 దాటేసింది, మిగతాది గుప్పెడు పల్లీలో, గ్లాసు పాలో చూసుకుంటాయి. ధాన్యంలో తక్కువగా ఉండే లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక ముఖ్యమైన భాగం) పప్పుల్లో దండిగా ఉంటుంది కాబట్టి రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. డబ్బా కొనక్కర్లేదు.

గ్యాస్, టైమ్ గురించి ఎక్కువ చెప్పను, వండేవాళ్లకి తెలుసు. పప్పులు, గింజలు రాత్రే నానబెడితే ఉడికే టైమ్ బాగా తగ్గుతుంది, పులుపు ముందే వేస్తే ఎంతసేపటికీ ఉడకవు, ఈ రెండోది నేను ఒక సాయంత్రం మొత్తం తగలేసి నేర్చుకున్నాను. రెండు పూటలకి కలిపి వండి, చల్లారగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఒక్కటి మాత్రం మీరు పెద్ద అక్షరాల్లో వేయాలి: గ్యాస్ ఆదా అవుతుందని రాజ్మా గింజల్ని సగం సగం ఉడికించి తినకూడదు, వాటిలో వాంతులు, విరేచనాలు తెప్పించే పదార్థం ఉంటుంది, నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా తెర్లేలా మరిగించి ఉడికించాలి. పొదుపు చేయబోయి ఆసుపత్రి ఖర్చు తెచ్చుకోవడం ఎవరికి కావాలి?

పైసా ఖర్చు లేనివి కూడా ఉన్నాయి. పప్పు, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే పక్కన నిమ్మరసం లాంటి విటమిన్ సి ఉన్నదేదైనా ఉండాలి, భోజనంతో పాటే టీ తాగితే అది ఒంటికి పట్టడం తగ్గుతుంది. టీ మానమని కాదు, గంట ఆగి తాగమని. మా ఆవిడకి ఇది చెప్పడానికి వారం పట్టింది, పాటించడానికి ఇంకా పడుతోంది.

అయితే ఇదంతా చెప్పి, చూశారా ఎంత సులువో అని నేను అనను. అలా అనేవాళ్లంటేనే నాకు ఒళ్లుమంట. 2022లో ప్రపంచంలో 280 కోట్ల మందికి పైగా ఆరోగ్యకరమైన తిండి కొనే స్తోమతే లేదని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024 నివేదికలో లెక్క తేల్చాయి. ఆ 280 కోట్ల మందికీ నానబెట్టడం రాక కాదు కదా. ఎంత తెలివిగా వండినా ఆదాయం ఒక గీత కిందికి దిగిపోతే చేయగలిగింది పెద్దగా ఉండదు, అక్కడ కావాల్సింది జీతాలూ, ధరలూ, వంటల పేజీ కాదు. మేం ఆ గీతకి కొంచెం పైన ఉన్నాం, అందుకే చిట్కాలు పనికొస్తున్నాయి. మీ వ్యాసంలో అందరినీ ఒకే గాట కట్టేసి, శ్రద్ధ ఉంటే చాలు అన్నారు.

అందుకని నేను అడిగేది చిన్నది. మీరు వేసే ప్రతి వంట కింద నాలుగు లైన్లు అదనంగా వేయండి. పొయ్యి మీద ఎంతసేపు ఉండాలి. మిగిలితే ఎన్ని రోజులు నిలవ ఉంటుంది. ఫలానా వస్తువు దొరక్కపోతేనో, ధర పెరిగితేనో బదులు ఏం వేసుకోవచ్చు. సగం కట్ట మిగిలితే దాన్ని రేపు ఎందులో వేయాలి. ఈ చివరిది మర్చిపోకండి, పావు చెంచా మసాలా కోసం ప్యాకెట్ మొత్తం కొనిపించే వంటలు మీ పేజీలో నెలకి రెండైనా వస్తున్నాయి.

వేసే ముందు ఎవరి చేతనైనా ఒకసారి వండించి చూడండి, ఫోటోల కోసం కాదు, గడియారం పెట్టుకుని. మనిషి దొరక్కపోతే నాకు పంపండి, జీతం అడగను. మా స్టవ్‌కి రెండు బర్నర్లున్నాయి, ఎడమ వైపుది గాలి వీస్తే ఆరిపోతుంది, చిన్నవాడు పక్కన నిలబడి "ఇందులో బీన్స్ వేశావా" అని అడుగుతుంటాడు. అక్కడ అయ్యే వంటలైతే వేసేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు